పోలినాయుడుగారు లేచి నిలబడ్డారు

ముద్దాడ పోలినాయుడుగారు శాసనసభలో పద్దెనిమిదేళ్లు కూర్చున్నారు. సేవ చేశారనీ, ప్రాతినిధ్యం వహించారనీ రాసేవాళ్లు రాస్తారు. నేను ఆయన దగ్గర మొదటి రోజు నుంచీ పీయేగా ఉన్నవాణ్ణి కనక చూసిందే రాస్తాను. కూర్చున్నారు.

ఆయన రాజకీయాల్లోకి రావడమే ఒక తగాదా తీర్చడానికి వచ్చారు. మా బొండపురం నియోజకవర్గంలో టికెట్టు కోసం రెండు వర్గాలు ఒకరి జెండాలు ఒకరు చింపుకుంటుంటే, పార్టీ పెద్దలు విసిగిపోయి, ఎవరికీ మిత్రుడు కానివాడూ ఎవరికీ శత్రువు కానివాడూ ఒకడుంటే చెప్పమన్నారు. అప్పటికి ఆయన సహకార సంఘం అధ్యక్షుడు. ఎరువు బస్తాలు వరస తప్పకుండా పంచుతాడన్న పేరు తప్ప మంచిగానీ చెడ్డగానీ ఇంకో పేరు లేదు. టికెట్టు ఆయనకే ఇచ్చారు. రెండు వర్గాలూ ఒకరి మీద కోపంతో ఒకరు ఆయనకే ఓట్లేయించారు. గెలిచారు. ఆ తరవాత ప్రతి ఎన్నికకీ అదే తగాదా, అదే పరిష్కారం.

ఆయనకి సభలో మాట్లాడాలనే ఉండేది. మొదటి సమావేశాలకి ముందు తొమ్మిది రోజులు కూర్చుని ప్రసంగం తయారుచేసుకున్నారు. విషయం, పులిగెడ్డ మీద వంతెన. పులిగెడ్డ అంటే కొండల్లోంచి మావైపు దిగే వాగు. వేసవిలో దాన్ని మేకపిల్ల దాటుతుంది. శ్రావణం వచ్చిందంటే లారీ కూడా దాటదు. దానికవతల తుంపాడ, ఇంకో అయిదు ఊళ్లు. ఆయన స్నానాల గదిలో "అధ్యక్షా!" అని అభ్యాసం చేస్తుంటే నేను బయట వాచీ పట్టుకుని నిలబడేవాణ్ణి. నాలుగు నిమిషాలు పట్టేది.

సభలో ఆయన వంతు వచ్చింది. లేచారు. "అధ్యక్షా, పులిగెడ్డ..." అన్నారు.

ఎదటి వరసలో ప్రతిపక్ష ఉపనాయకుడు ఉన్నాడు. ఆయనకి గడ్డం ఉంది. దట్టమైన గడ్డం. మావైపు గడ్డాన్ని గెడ్డం అంటారని ఆయనకెవరో చెప్పి ఉన్నారు. "అధ్యక్షా, నా గడ్డాన్ని జంతువుతో పోలుస్తారా!" అని ఆయన లేచాడు. ఆయన వెనక ముప్ఫైమంది లేచారు. వాళ్లు లేచారని ఇటువైపు నలభైమంది లేచారు. సభ రెండుసార్లు వాయిదా పడింది. సాయంత్రానికి అధ్యక్షులవారు ఆ అభ్యంతరకర పదాన్ని రికార్డుల నుంచి తొలగిస్తున్నట్టు ప్రకటించి, పోలినాయుడుగారివైపు చూసి, "సభ్యులు కూర్చోవాలి" అన్నారు.

ఆయన కూర్చున్నారు. మొత్తం ప్రసంగంలో ఆయన పలికింది రెండు మాటలు. అందులో ఒకటి కొట్టేశారు. ఆ అవమానం ఆయన్ని ఎక్కడ తాకిందో గాని, మళ్లీ సభలో నోరు విప్పలేదు. వంతెన గురించి ఏడాదికో ఉత్తరం రాసేవారు. ఏడాదికో జవాబు వచ్చేది. "తమరి లేఖాంశము పరిశీలనలో ఉన్నదని తెలియజేయడమైనది."

నాలుగోసారి గెలిచాక వచ్చింది అసలు మార్పు.

ఆ ఏడు బడ్జెట్ సమావేశాల్లో సభ్యులు కాగితాలు చింపారు, మైకులు పీకారు. ఒకాయన బల్లమీదికెక్కాడు. ఇంకొకాయన ఆయన్ని దింపకుండానే బల్లని లాక్కుపోయాడు. ఇదంతా టీవీల్లో వచ్చింది. జనం నవ్వారు. జనం తిడితే ప్రభుత్వాలు ఊరుకుంటాయి గాని, నవ్వితే ఊరుకోవు. వెంటనే సభామర్యాద కమిటీ వేశారు. సభ కార్యదర్శి పరాంకుశంగారు దానికి కన్వీనరు. ఆయన మూడు నెలలు శ్రమించి నివేదిక ఇచ్చారు. అందులో ముఖ్యమైన వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం: "సభలో తలెత్తుచున్న సమస్త అవ్యవస్థకును మూలకారణము సభ్యులు మాట్లాడుటయేనని కమిటీచే నిస్సంశయముగా నిర్ధారించడమైనది."

మూలం దొరికాక మందు ఎంతసేపు? ప్రతి సభ్యుడికీ ఏడాది మొదట్లో నూరు మార్కులు ఇస్తారు. అడ్డు తగిలితే అయిదు కోత. సమయం మించితే పది. పోడియం దగ్గరికి వెళితే పాతిక. మంత్రిగారికి జవాబు తెలియని ప్రశ్న అడిగితే యాభై. ఏడాది చివర ఎక్కువ మార్కులున్నవారు ఆదర్శ శాసనసభ్యుడు.

ఏడాది తిరిగింది. సభలో నూటికి తొంభైమంది సున్నా కిందికి పోయారు. పాలక పక్షం విప్ గారికి సున్నా కింద నాలుగువందల పన్నెండు. పోలినాయుడుగారికి నూటికి నూరు. మధ్యలో ఒకసారి ఆర్థికమంత్రి ప్రసంగిస్తుండగా ఆయన తుమ్మారని ఎవరో ఫిర్యాదు చేస్తే, కమిటీ దాన్ని రెండు సిటింగుల్లో విచారించి, సదరు తుమ్ము అసంకల్పితమనీ, ఏ పక్షానికీ అనుకూలం కాదనీ తేల్చింది.

సన్మానం ఘనంగా జరిగింది. మౌనం గొప్పతనం గురించి అధ్యక్షులవారు నలభై నిమిషాలు మాట్లాడారు. వెండి జ్ఞాపిక, శాలువా ఇచ్చారు. రెండు పక్షాలవాళ్లూ చప్పట్లు కొట్టారు. ఇది ఆ సభలో ఏకగ్రీవంగా జరిగిన రెండో పని. మొదటిది సభ్యుల జీతాలు పెంచుకోవడం.

అక్కడితో ఆగితే సరిపోయేది. పరాంకుశంగారు ఆగే మనిషి కాదు. కొత్త సభ్యులకి మౌన శిక్షణ తరగతులు పెట్టించారు. వేదిక మీద పోలినాయుడుగారు కూర్చుంటారు. కింద కొత్త సభ్యులు కూర్చుని ఆయన ఎలా కూర్చున్నారో చూసి రాసుకుంటారు. చేతులెక్కడ పెట్టుకోవాలి, కోపం వస్తే చూపు ఏవైపు తిప్పాలి అన్న సందేహాలకి ఆయన తరఫున పరాంకుశంగారే జవాబులు చెప్పేవారు. "గమనించండి, వారు బల్లవైపు చూచుచున్నారు. బల్లకు పార్టీ లేదు."

దీనికి 'పోలినాయుడు పద్ధతి' అని పేరు పెట్టారు. మరుసటి ఏటికి అరవై అయిదుమంది సభ్యులు ఈ పద్ధతిలోకి వచ్చారు. బడ్జెట్ పదకొండు నిమిషాల్లో ఆమోదం పొందింది. పత్రికలు "హుందాగా సభ" అని రాశాయి. పొదుపు కింద పోలినాయుడుగారి బల్లమీది మైకు ఊడదీసి, సభ మ్యూజియంలో గాజు పెట్టెలో పెట్టి, "ఎన్నడూ వాడనిది" అని చీటీ అంటించారు. బడిపిల్లలు వరసగా వచ్చి దాన్ని చూసి వెళ్లేవారు.

నిజం చెప్పాలంటే ఆయనకి ఇదంతా బాగానే ఉండేది. "మూర్తీ, ఎంత కష్టపడినోళ్లకీ దక్కని గౌరవం మనకి ఊరికే దక్కింది సూడు" అనేవారు నాతో. నేనూ సంతోషించాను. వచ్చినవాళ్లందరికీ బొండపురంలో ఆయన ఇంటి హాల్లో గోడమీది సన్మానం ఫొటో నేనే చూపించేవాణ్ణి.

ఆ శ్రావణంలో తుంపాడ నుంచి పారమ్మ వచ్చింది.

పారమ్మ పెరుగు అమ్ముకునే మనిషి. గెడ్డ దాటి వచ్చి బొండపురం బజారులో అమ్ముకుని పోయేది. మా దగ్గరికి ఎప్పుడొచ్చినా భర్త గవరయ్య వెంట అర్జీ పట్టుకుని వచ్చేది. ఈసారి, గెడ్డలో నీళ్లు కాస్త తగ్గాక, ఒక్కతే వచ్చింది. మనవరాలికి జ్వరమొస్తే మందు తేవడానికి గవరయ్య బయల్దేరాడట. ఇటు చెట్టుకీ అటు చెట్టుకీ కట్టిన తాడు పట్టుకుని గెడ్డ దాటుతుంటే తాడు తెగింది. రెండో రోజు మూడు మైళ్ల కింద మొగలి డొంకలో దొరికాడు.

పోలినాయుడుగారు కుర్చీలోంచి లేచి ఆమెని కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. గోడమీది ఫొటో వైపు చూస్తోంది.

"ఆ బొమ్మలో తమరి సేతిలోది ఏటి బాబూ?" అంది.

అలవాటు కొద్దీ నేనే చెప్పాను. "బహుమతి. సభలో ఎప్పుడూ మాట్లాడనందుకు బాబుగారికి ఇచ్చారు. రాష్ట్రం మొత్తానికి ఒక్కరికే."

"మాటాడనందుకా?" అని నావైపు తిరిగింది. నేను వెక్కిరిస్తున్నాననుకుంది కాబోలు. కాదని నా మొహంలో చూసి, మళ్లీ ఆయనవైపు తిరిగింది. "తమరికి మాటొచ్చు గదా బాబూ?"

"వచ్చు పారమ్మా."

"ఓట్లకొచ్చినపుడు మావూరి రచ్చబండకాడ మాటాడినారు. ఇన్నాను. బాగానే మాటాడినారు. అందుకే అడగతన్నాను. మరి ఆడ మాటాడ్డానికి ఏటడ్డం?"

ఆయన ఏమీ అనలేదు. బహుమతి వచ్చాక ఆ మౌనానికి చప్పట్లు పడకపోవడం అదే మొదలు.

"అర్జీ తెచ్చావా?" అని నేనే అడిగాను.

"నేదు. ఇన్నాళ్లూ తెచ్చిన కాయితాలన్నీ మా ఇంటాయనే రాయించినాడు. అయ్యన్నీ తమరి దగ్గరే ఉన్నాయి గదా" అని చెంగు భుజానికి సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ పూట ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. నన్ను పిలిచి, "నోటీసు రాయి మూర్తీ. వచ్చే సమావేశాల్లో మాటాడతాను" అన్నారు.

నోటీసు అందిన రోజే పరాంకుశంగారు మమ్మల్ని పిలిపించారు. ఆయన గదిలో ఎప్పుడూ ఉండే చందనం వాసనకి ఆ రోజు అమృతాంజనం వాసన తోడైంది.

"ఇది తమరి సంతకమేనా?" అని కాగితాన్ని వేలి చివరతో మావైపు తోశారు.

"నాదేనండీ."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"నేదండీ. మా గెడ్డలో మనిషి పోయాడు. నాలుగు నిమిషాలు మాటాడతాను, కూచుంటాను."

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాయుడుగారూ, ఒక విషయం తమరు గ్రహించాలి. తమరి మౌనం ఇప్పుడు తమరి సొంతం కాదు. అది సభ ఆస్తి. తమరు మాట్లాడతానన్న రోజున తొమ్మిది రాష్ట్రాల సభాధ్యక్షులు పోలినాయుడు పద్ధతిని అధ్యయనం చేయడానికి గ్యాలరీలో కూర్చుంటున్నారు. వారికి పోలినాయుడు మాట్లాడుతూ కనిపిస్తే మేమేం సమాధానం చెప్పుకోవాలి?"

"మాటాడే హక్కు సభ్యుడికుంది కదండీ?"

"లేదని ఎవరన్నారు! నిబంధనలు ఉన్నాయి. మౌన విరమణకు ముందస్తు అనుమతి కోరవచ్చును. సభామర్యాద కమిటీ ఎదుట హాజరై కారణాలను మౌఖికంగా వివరించవలెను."

"సరే, వివరిస్తాను."

"అయితే," అని పరాంకుశంగారు గొంతు తగ్గించారు, "కమిటీ ఎదుట మాట్లాడటం సభలో మాట్లాడటంతో సమానమని కిందటేడు సవరణ తెచ్చాం. దానికి ముందస్తు అనుమతి కావాలి."

"దానికెవరిస్తారు?"

"కమిటీయే. హాజరై కోరితే."

మేము బయటికి వచ్చాం. మెట్లు దిగుతూ ఆయన ఒకసారి నవ్వారు. ఎరువు బస్తాల వరసలో ఎవడైనా మధ్యలో దూరితే అలాగే నవ్వేవారట.

ఆ రోజు వచ్చింది. గ్యాలరీలో తొమ్మిది రాష్ట్రాల అధ్యక్షులూ కూర్చున్నారు. నేను వాళ్ల వెనక వరసలో నిలబడ్డాను. కింద సభ్యులందరూ బల్లల వైపు చూస్తున్నారు. గుండుసూది పడితే వినిపిస్తుంది, ఆ సూదికీ మార్కులు కోస్తారు. మొదటి బిల్లు నలభై సెకన్లలో ఆమోదమైంది.

పోలినాయుడుగారు లేచి నిలబడ్డారు.

సభ ఒక్క క్షణం తెల్లబోయింది. అధ్యక్షులవారే ముందు తేరుకున్నారు. గ్యాలరీ వైపు చూసి, చిరునవ్వుతో, "గౌరవ అతిథులు గమనించగలరు. మన ఆదర్శ సభ్యులు నిలబడి కూడా మౌనం పాటించగలరు" అన్నారు. అతిథులు చప్పట్లు కొట్టారు.

"అధ్యక్షా," అన్నారు పోలినాయుడుగారు. "మా నియోజకవర్గంలో పులిగెడ్డ అని ఒక వాగు ఉంది."

మైకు లేదు. అయినా ఆ నిశ్శబ్దంలో చివరి వరసదాకా వినిపించింది. నేను వాచీ చూసుకున్నాను. వాగు ఎక్కడ పుడుతుందో చెప్పారు. అవతల ఎన్ని ఇళ్లున్నాయో చెప్పారు. తాను పద్దెనిమిది ఉత్తరాలు రాశాననీ, పద్దెనిమిది జవాబులూ ఒకే జవాబనీ చెప్పారు. "తుంపాడ గవరయ్య జ్వరం మందుకి బయల్దేరి చచ్చిపోయాడు. తాడు తెగి పోయాడని పోలీసులు రాసుకున్నారు. నేను ఇక్కడ మాట్లాడనందుకు పోయాడు. నాకు మీరు బహుమతి ఇచ్చారు." మంచినీళ్లు తాగి మిగిలింది చెప్పారు. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. కూర్చున్నారు.

ఎవరూ అడ్డు తగల్లేదు. తగలాలని చాలామందికి ఉండి ఉంటుంది. మార్కులు పోతాయని ఆగారు.

మర్నాడు సభ కార్యకలాపాల నివేదిక తెప్పించుకుని చూశాను. సభలో రికార్డు రాసేవాళ్లు మైకులోంచి వచ్చిందే రాస్తారు. అందుకని అందులో ఉన్నది ఇంతే: "శ్రీ ముద్దాడ పోలినాయుడు లేచి నిలబడిరి. అతిథుల హర్షధ్వానములు. శ్రీ పోలినాయుడు కూర్చుండిరి."

సభామర్యాద కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఆదర్శ సభ్యుడు మాట్లాడడు కనక, మాట్లాడినట్టు వినిపించినది ప్రసంగం అయ్యే అవకాశం లేదని తేల్చింది. మరి ఏమై ఉంటుందో తెలుసుకోవడానికి వైద్యుల బోర్డుకి పంపింది. ముగ్గురు డాక్టర్లు ఆయన గొంతులో లైటు వేసి చూసి, "తాత్కాలిక స్వర ప్రకోపము. విశ్రాంతితో నయం కాగలదు" అని సర్టిఫికెట్టు ఇచ్చారు. మార్కులు కొయ్యలేదు. ఆ ఏడు కూడా ఆదర్శ సభ్యుడు ఆయనేనని ప్రకటించారు.

ఆ కబురు పత్రికలో చదివి ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. అదే పేజీలో కింద ఇంకో వార్త ఉంది. పక్క జిల్లాలో ఒక సభ్యుడు గుండెపోటుతో పోయి మూడు నెలలైంది. ఉప ఎన్నిక రాబోతోంది. ఆ నియోజకవర్గంలో అప్పుడే రెండు రోడ్లకీ ఒక ఆసుపత్రికీ ఒక కాలేజీకీ శంకుస్థాపనలు అయిపోయాయి. పాపం ఆ సభ్యుడు బతికుండగా పదిహేనేళ్లు అడిగినవే అవన్నీ.

"మూర్తీ," అన్నారు పోలినాయుడుగారు, "ఉప ఎన్నిక రావాలంటే చావే అక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండీ. రాజీనామా చాలు."

"మరి నాలుగుసార్లు గెలిచినోణ్ణి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేటి?"

చెప్పాల్సినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆయన పదవి పోతే నా పదవీ పోతుంది.

రాజీనామా ఇవ్వడానికి వెళ్లినప్పుడు నిబంధన ప్రకారం అధ్యక్షులవారు స్వయంగా అడిగి నిర్ధారించుకోవాలి. "ఇది మీరు స్వచ్ఛందంగా ఇస్తున్నదేనా?" అని అడిగారు. పరాంకుశంగారు పక్కనే నిలబడి, తల అడ్డంగా ఊపండి అన్నట్టు కళ్లతో బతిమాలుతున్నారు.

"అవును," అన్నారు పోలినాయుడుగారు.

ప్రమాణ స్వీకారాలు పక్కన పెడితే, ఆ పద్దెనిమిదేళ్లలో ఆయన అధ్యక్షులవారితో అన్న మాటల్లో యథాతథంగా రికార్డులకెక్కింది అదొక్కటే.

ఉప ఎన్నిక ప్రకటన ఇంకా రాకముందే బొండపురానికి మంత్రులు వచ్చారు. ముగ్గురు మంత్రులు మూడు కార్లలో పులిగెడ్డ గట్టుదాకా వచ్చి, గెడ్డని చూసి, "ఇంత పెద్ద వాగు మీద వంతెన లేకపోవడమేమిటి!" అని ఆశ్చర్యపోయారు. ఇంజినీర్లని అక్కడే నిలబెట్టి తిట్టారు. నిధులు అదే వారంలో వచ్చాయి. యంత్రాలు రాత్రింబవళ్లు తిరిగాయి. ఇటు పార్టీ వంతెన కడుతుంటే అటు పార్టీ ఆరూళ్లకీ రోడ్డు వేయిస్తామంది. దాంతో ప్రభుత్వమే ఆ రోడ్డూ వేసింది. నాలుగు నెలల్లో వంతెన పూర్తయింది.

ఈ వింత చుట్టుపక్కల పాకింది. తాగునీళ్లు లేని నియోజకవర్గం వాళ్లు తమ సభ్యుడింటికి మేళతాళాలతో వెళ్లి, దండ వేసి, "అయ్యా, మీరు మాకోసం రాజీనామా చెయ్యాల" అని కాళ్లమీద పడ్డారు. ఒకచోట ఆడవాళ్లు హారతిచ్చి మరీ అడిగారు. నెలలో పదకొండుమంది సభ్యులు ఊళ్లు వదిలి రాజధానిలో దాక్కున్నారు. సభామర్యాద కమిటీ మళ్లీ సమావేశమై, ప్రజాప్రయోజనార్థం రాజీనామా చేయుట ప్రజాస్వామ్య విరుద్ధమని తీర్మానించింది. ఇక మీద రాజీనామా చేయదలచిన సభ్యుడు అందువల్ల ఎవరికీ ఏ మేలూ జరగదని ప్రమాణపత్రం సమర్పించాలి.

వంతెన ప్రారంభానికి కొత్త సభ్యుడు వచ్చాడు. శిలాఫలకం మీద పదిహేడు పేర్లున్నాయి. పోలినాయుడుగారి పేరు లేదు. ఆయనకి పిలుపు కూడా లేదు. జనం వెళ్లిపోయాక మేమిద్దరం బస్సు దిగి నడుచుకుంటూ గెడ్డ దగ్గరికి వెళ్లాం. కింద నీళ్లు ఎర్రగా, ఒరుసుకుంటూ పోతున్నాయి. పైన కొత్త సిమెంటు వాసన.

అవతలి నుంచి పారమ్మ నెత్తిన పెరుగు కుండతో వస్తోంది. వెనక మనవరాలు రెయిలింగు ఊచలు ఒక్కొక్కటీ తాకుతూ నడుస్తోంది. మమ్మల్ని చూసి పారమ్మ ఆగింది. కుండ దించలేదు.

"వంతెన ఎలగుంది పారమ్మా?" అని అడిగారు పోలినాయుడుగారు. ఆ అడగడంలో కొంచెం ఆశ ఉంది. ఉండదా మరి.

ఆమె అటు చివర చూసింది, ఇటు చివర చూసింది.

"బాగుంది బాబూ. గట్టిగానే కట్టినారు," అంది. "మా ఇంటాయనుండగా కట్టుంటే ఇంకా బాగున్ను."

మనవరాలిని పిలిచి చెయ్యి పట్టుకుని, ఎండ ముదిరితే పెరుగు పులుస్తుందని, బజారు వైపు గబగబా వెళ్లిపోయింది.